గోడకు జరిగిన అవమానం

ధరూర్ నుంచి మా మేనమామ ఫోన్ చేశాడు. నేను హలో అనకముందే తిట్లు అందుకున్నాడు.

"ఏం బిడ్డా, పిల్ల పెండ్లి జేస్తున్నరంట. గోడ మీద రాసేదాంక వచ్చింది, నాకు ఒక్క మాట చెప్పొద్దా? నేను సచ్చిన్ననుకున్నరా?"

"ఏ పిల్ల మామా?"

"ఇంకే పిల్ల? నీ తమ్ముని బిడ్డ. గద్వాల ఆటోల అడ్డా కాడ ఇంటిపేరుతోటి రాసిన్రు. పిలగాని పేరు గూడ ఉంది. నడుమ తమలపాకు ఏసిన్రు."

మా వైపు పెళ్లి కుదిరితే పెయింటర్‌ను పిలిచి, ఇంటి ముందు గోడ మీద కలశం, తమలపాకులు, పిల్ల పేరు, పిల్లవాడి పేరు రంగులతో రాయిస్తారు. వానలకు వెలిసిపోయేదాకా అది అలాగే ఉంటుంది. షేర్ ఆటోలో కూర్చుని గోడ వైపు చూసిన మామకు ఇంకో ఆలోచన తట్టలేదు, పాపం. కానీ మా తమ్ముడి బిడ్డకు పెళ్లీ లేదు, చూపులూ లేవు. డిగ్రీ ఆఖరి ఏడాది చదువుతోంది. పైగా ఆ గోడ ఒక సర్కారు ఆఫీసు ప్రహరీ. మామ చూసింది తమలపాకు కాదు, గుండె బొమ్మ.

వనపర్తిలో నేను పాఠాలు చెప్పే బడికి సెలవు పెట్టి, దొరికిన బస్సెక్కి గద్వాలలో దిగాను. తమ్ముడి ఇంటికి పోకుండా నేరుగా అడ్డాకే పోయాను. ఎర్ర రంగుతో, చెయ్యెత్తు అక్షరాలు. రోజూ ఇంట్లో ముద్దుగా పిలుచుకునే పేరు అక్కడ చూస్తే, అది మా పిల్లది కాదేమో అనిపించింది. ఆటోవాళ్లు దాని కిందే నిలబడి చాయ్ తాగుతున్నారు. ఒళ్లు మండిపోయింది. ఆ పేరు నేనిక్కడ రాయడం లేదు. పిల్లను అడగకుండా రాసినవాళ్లు చాలు.

ఇంట్లో మగ్గం చప్పుడు లేదు. తమ్ముడు మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని ఊరికే కూర్చున్నాడు. సగం నేసిన చీర అంచు మీద వాడి చెయ్యి కదలడం లేదు. పిల్ల ఓ మూల నూలు కండెలు చుడుతోంది, తల ఎత్తకుండా.

"ఆ పేరున్నోడు మా కాలేజీల ఉన్నడు అత్తమ్మా. ఒక్కనాడు మాట్లాడలే. ఎవరు రాసిన్రో నాకు తెల్వదు," అంది నన్ను చూడగానే, అడగకుండానే. ముందు రోజు నుంచి ఆ మాటే చెప్పి చెప్పి ఉంటుంది.

"తెల్వకుంటె తెల్వకపోనీ. రేపట్నుంచి కాలేజ్ బంద్," అన్నాడు తమ్ముడు.

"రాసినోడు కాలర్ ఎగరేసుకుని తిరగాలె, ఇది ఇంట్ల కూసోవాలె, గంతేనా?" అన్నాను. నాకు నోరు ఊరుకోదు.

"ఊరంత సదువుతుంది అక్కా. ఏం జెయ్యమంటవ్?"

ఏం చెయ్యాలో నాకు తెలుసనుకున్నాను. బడిలో పౌరహక్కుల పాఠం చెప్పేదాన్ని కదా. తమ్ముణ్ణి లేవదీసి, తెలిసిన వకీలు దగ్గరకు లాక్కుపోయాను.

వకీలు మంచివాడే. గోడ రాతల చట్టం తీసి, మొదటి పేజీలో నిర్వచనాలు చదివి, మాకు అర్థమయ్యేలా చెప్పాడు. పాడుచేయడమంటే గోడ అందానికి ఏ రకంగానైనా భంగం కలిగించడం. సిరాతో గానీ, సుద్దతో గానీ, రంగుతో గానీ, ఇంకే పదార్థంతో గానీ రాసినా, గీసినా, మరక పెట్టినా తప్పే. దారిన పోయేవాళ్లకు కనబడేదేదైనా అందులోకే వస్తుంది. గోడ, చెట్టు, స్తంభం, అన్నిటికీ అర్థం రాసిపెట్టారు.

"మరి మా పిల్ల?" అన్నాను.

"ఈ చట్టంల పిల్ల లేదమ్మా. గోడ ఉంది. నష్టం గోడకు. ఫిర్యాదు గోడ గలోళ్లు ఇయ్యాలె."

స్తంభానికి కూడా అర్థం రాసినవాళ్లకు ఆ గోడ మీద పేరున్న మనిషి గుర్తుకు రాలేదు.

"పిల్ల పరువుకు వేరే సెక్షన్లుంటయ్," అన్నాడు వకీలు, నా మొహం చూసి. "పిల్ల స్టేషన్‌కు వచ్చి చెప్పాలె. రాసినోణ్ణి దొరకబట్టాలె. జర టైం పడ్తది."

స్టేషన్ మాట వినగానే తమ్ముడు లేచి నిలబడ్డాడు. అక్కడి నుంచి ఆ ఆఫీసుకు పోయాం. గోడ తమదేనన్నారు. పైకి రాసి, అనుమతి వచ్చాక సున్నం వేయిస్తామన్నారు. ఎప్పుడొస్తుందని అడిగితే ఫ్యాన్ వైపు చూశారు.

మర్నాడు పొద్దున పిల్ల బకెట్లో సున్నం కలుపుతోంది. పండక్కి ఇంటికి సున్నం వేసిన కుంచె చేతిలో ఉంది.

"ఎక్కడికే?"

"తుడిచేసొస్త అత్తమ్మా. దాని కిందికెల్లి కాలేజీకి ఎట్ల పోవాలె?"

ఆపలేదు. చెంగు బిగించి నేనూ వెంట నడిచాను. అడ్డా అంతా మమ్మల్నే చూసింది. పిల్ల ఎవరి వంకా చూడకుండా ముందు ఆ అబ్బాయి పేరు, తర్వాత గుండె బొమ్మ కప్పేసింది. తన పేరులో సగం దాకా వచ్చేసరికి వెనక మోటారు సైకిల్ ఆగింది. కానిస్టేబుల్.

"ఏం పిల్లా, సర్కార్ గోడకు రంగేస్తున్నవ్? పర్మిషన్ ఉందా?"

"రంగు కాదు సార్, సున్నం. రాసింది తుడుస్తుంది," అన్నాను.

"సున్నమైతేంది మేడం? గోడల మీద ఎవరు చెయ్యి పెట్టినా కేసు రాయమని ఆర్డర్ ఉంది." జేబులోంచి పుస్తకం తీశాడు. "పెట్టీ కేసే, పరేషాన్ కావొద్దు. పేరు చెప్పు."

ఇంకే పదార్థంతో గానీ అని వకీలు చదివింది చెవిలో మోగింది. రాసినవాడు ఎక్కడో హాయిగా ఉన్నాడు. తుడిచిన మా పిల్ల ఆ చట్టంలోకి చక్కగా వచ్చి కూర్చుంది. ఏడుపు, కోపం రెండూ ఒకేసారి తన్నుకొచ్చాయి.

పిల్ల మాత్రం కుంచె దించలేదు. పేరు చెప్పింది. ఇంటిపేరుతో సహా, ఆటోవాళ్లందరికీ వినబడేలా. "రాసుకోండ్రి సార్. గీ గోడ మీదున్నది నా పేరే. మిగిలింది గూడ తుడిచే పోత."

కానిస్టేబుల్ గోడ వంక చూశాడు, పిల్ల వంక చూశాడు. అప్పుడే మా వెనక నుంచి తమ్ముడు వచ్చాడు. ఎప్పుడొచ్చాడో, ఎంత విన్నాడో నాకు తెలియదు. బిడ్డను తిడతాడేమో అనుకున్నాను. వాడు దాని చేతిలోని కుంచె తీసుకుని, సున్నంలో ముంచి, మిగిలిన అక్షరాల మీద బలంగా వేశాడు.

"నా పేరు గూడ రాసుకో సార్," అన్నాడు కానిస్టేబుల్‌తో, గోడ వైపే చూస్తూ. తర్వాత బిడ్డతో అన్నాడు.

"టైం ఐతుంది. చేతులు కడుక్కొని కాలేజీకి పో బిడ్డా."