బోర్డును అడిగినవా?

స్పిరిట్‌లో తడిపిన గుడ్డతో వేడిని లాగేందుకు ప్రాసెసర్ మీద రాసి, ఎండిపోయిన పేస్టును తుడిచేటప్పుడు ఒక వాసన వస్తుంది. సూదిమందు వేసే ముందు చేతికి రాసే దూది వాసన కొంత, కాలిన దుమ్ము వాసన కొంత. నేను పనిచేసే రిపేరు షాపులో రోజూ పీల్చేదే అయినా, మొన్న ఒక పెద్ద గేమింగ్ ల్యాప్‌టాప్‌ను విప్పి తుడుస్తుంటే ఆ వాసనకు నా చేయి ఆగిపోయింది. దాని యజమాని ఇంకా వేగమైన ప్రాసెసర్ వేయించమని అడిగాడు. వేయడానికి వీల్లేదు. ఇప్పుడొచ్చే వాటిలో చాలావరకు ప్రాసెసర్‌ను బోర్డుకే అతికించి పంపుతున్నారు; తీసి పెట్టే సాకెట్ అనేదే లేదు. ఆ మాట అతనికి చెప్పి వచ్చి కూర్చున్నాను గానీ మనసు కుదురుగా లేదు. తీసి పెట్టగలిగిన రోజుల్లో నాకు ఈ పని నేర్పిన మనిషి నా వెనకాల అటూ ఇటూ నడుస్తున్నట్టే ఉంది. ఆవిడ ఎప్పుడూ నడుస్తూనే ఉండేవారు. మా సుగుణక్క.

సన్నీవేల్‌కు వచ్చిన కొత్తలో నాకూ అదే తిరుగుడు. మా ఆయన ఆఫీసుకు వెళ్ళాక ఈ కిటికీ నుంచి ఆ కిటికీకి తిరిగేదాన్ని. డిపెండెంట్ వీసా మీద వచ్చిన భార్యకు అప్పట్లో ఉద్యోగం చేసే వీలు లేదు. కాలేజీలో చేరదామంటే చూపించడానికి నా దగ్గర సర్టిఫికెట్లు లేవు. చిన్నప్పుడు కీళ్ళజ్వరం వచ్చి నన్ను బడికి పంపలేదు. మా మేనత్తే ఇంట్లో కూర్చోబెట్టి చదువు చెప్పింది. పురాణం చదివించేది, లెక్కలు చేయించేది, ఇంగ్లిషు పేపరు బిగ్గరగా చదివించి తప్పులు దిద్దేది, మధ్యమధ్య దీపానికి వత్తులు చేయించేది. ఆ చదువుకు ఈనాటికీ ఆవిడకు దణ్ణం పెట్టుకొంటాను, కానీ అది ఏ కాలేజీ వారికీ చూపించగలిగేది కాదు. పొద్దున్నే దీపం పెట్టుకొని, వంట ముగించి, మిగిలిన పగలంతా ఏం చేసుకోవాలో తెలియక, దేవుడి ముందు కూర్చుని కూడా కాలు ఊపుతూ ఉండేదాన్ని.

మా కింది ఫ్లాట్‌లో ఉండేవారు సుగుణక్క. కరీంనగర్ ఆవిడ. ల్యాప్‌టాప్‌లు తయారుచేసే ఒక కంపెనీలో మదర్‌బోర్డులను పరీక్షించే ఇంజనీరుగా చాలాకాలం పనిచేసి, ఎవరూ అనుకోనంత ముందుగా మానేశారు. ఎందుకు మానేశారని అడిగితే "విసుగొచ్చింది" అనేవారు, అంతే. చుట్టుపక్కల మాస్టర్స్ చదివే మన పిల్లలు ల్యాప్‌టాప్ మొరాయిస్తే ఆవిడ దగ్గరకే పట్టుకొచ్చేవారు. ఒక శుక్రవారం నేను పులిహోర ప్రసాదం ఇద్దామని వెళ్ళేసరికి, డైనింగ్ టేబుల్ మీద ఒక ల్యాప్‌టాప్ అడుగుభాగం విప్పి ఉంది. నేను అలాగే చూస్తూ నిలబడిపోయాను. రాగిగొట్టం, చిన్న ఫ్యాను, ఆకుపచ్చ బోర్డు, దాని నడుమ నాణెమంత మెరుపు.

"ప్రసాదం ఇచ్చి పోతవా, కూసుంటవా?" అన్నారు, స్వెటర్ జేబుల్లో చేతులు పెట్టుకొని టేబుల్ చుట్టూ తిరుగుతూ.

"చూడొచ్చా అక్కా?"

"చూసుడెందుకు? గా స్క్రూ తియ్యి. వైదేహివి కదా, విల్లు ఎత్తుతవో లేదో చూద్దాం."

ఆ స్క్రూతో మొదలైంది నా రెండో చదువు. ఆవిడ ఏదీ తన చేత్తో చేసి చూపించేవారు కాదు. నడుస్తూ చెప్పేవారు, నేను కూర్చుని చేసేదాన్ని. బ్యాటరీ తీశాక కూడా పవర్ బటన్‌ను కాసేపు నొక్కి పట్టి లోపల మిగిలిన కరెంటును పోనివ్వడం, పని మొదలుపెట్టే ముందు ఉత్త ఇనుమును తాకి ఒంట్లోని చార్జ్ వదిలించుకోవడం, అన్నీ అలా నడుస్తున్న గొంతు నుంచే నేర్చుకొన్నాను. నాకు ఆత్రం ఎక్కువ. ఈ మెమరీ తీసి అది పెడితే, ఈ ప్రాసెసర్ తీసి అది పెడితే అని నేను గబగబా అంటుంటే ఆవిడ ఠక్కున ఆగి, "బోర్డును అడిగినవా?" అనేవారు. అడగడమంటే ఏమీ లేదు. బోర్డు మీద అచ్చువేసిన నంబరు చదవడం, దాన్ని తయారుచేసినవారు ఏయే ప్రాసెసర్లకు ఒప్పుకొన్నారో వెతికి చూడడం. "వచ్చేటోని గొప్పతనం తర్వాత సంగతి, పిల్లా. తీసుకునేది బోర్డు. ముందుగల్ల దాన్ని అడగాలె." ఊరికే తిరిగే మనిషి నాకు ఓపిక నేర్పుతున్నారని లోపల నవ్వుకొనేదాన్ని.

ఆ ఏడు కార్తీకమాసంలో ఒక సోమవారం మధ్యాహ్నం ఆవిడ ఫోన్ చేశారు. "జల్ది కిందికి రా." నేను ఉపవాసం. పూజ చేసుకొని పట్టుచీరలోనే ఉన్నాను. మా ఇంట్లో పట్టే మడి, చుక్క చూసి అన్నం తినేదాకా విప్పను. అలాగే దిగి వెళ్ళాను. లోపల శ్రావ్య కూర్చుని ఉంది. విజయవాడ అమ్మాయి, మాస్టర్స్ ఆఖరి సెమిస్టర్. దాని ముందు పెద్ద ల్యాప్‌టాప్, నల్లటి తెరతో. రక్తనాళాల్లో రక్తం ఎలా ప్రవహిస్తుందో లెక్కగట్టే ప్రాజెక్టు దానిది. ప్రొఫెసర్ ఇంకా సూక్ష్మంగా లెక్కించి వారాంతంలోగా ఫలితాలు చూపించమన్నారట. రెండు కోర్ల పాత ప్రాసెసర్‌తో అది తేలేది కాదు. చూపించకపోతే సెమిస్టర్ పోతుంది, సెమిస్టర్ పోతే దాని వెనకే వీసా ఉంది. అందుకని నాలుగు కోర్ల ప్రాసెసర్ ఒకటి ఆన్‌లైన్‌లో తెప్పించి, వీడియో చూసి, తనే బిగించుకొంది.

"సాకెట్ సేమే ఆంటీ. పిన్స్ కూడా కరెక్ట్‌గా దిగాయి. ఫ్యాన్ తిరుగుతోంది, స్క్రీన్ మాత్రం రావట్లేదు," అంది. ఏడుపును మింగుతోందని తెలుస్తోంది.

"సాకెట్ల దిగిందంటే గుమ్మంల పట్టిందని, అంతే," అన్నారు సుగుణక్క నడుస్తూ. "బోర్డుల బయోస్ అని చిన్న ప్రోగ్రాం ఉంటది. మిషన్ ఆన్ చెయ్యంగనే, వచ్చింది ఎవరని అదే చూస్తది. నీది పాత బయోస్. ఈ కొత్తది అప్పటికి పుట్టలే. ఎట్ల గుర్తుపడతది?"

"అప్‌డేట్ చేయొచ్చుగా?"

"చెయ్యొచ్చు. నల్లగున్న మిషన్ల ఎట్ల చేస్తవ్? పాతదాన్ని మళ్ళ కూసోబెట్టి, మిషన్ లేపి, అది ఉండంగనే కొత్తదాని పేరు నేర్పాలె. పాతదేది?"

శ్రావ్య తన హ్యాండ్‌బ్యాగ్ తెరిచింది. తాళంచేతులు, లిప్‌బామ్, వాటి నడుమ టిష్యూ కాగితంలో చుట్టిన పాత ప్రాసెసర్. విప్పి చూస్తే, వెంట్రుకల్లాంటి పిన్నుల వరుసలో ఒక మూల కొన్ని పడుకొని ఉన్నాయి. ఒంగిన పిన్ను సాకెట్‌లోకి దిగదు. నిలబెట్టబోతే విరిగే ప్రమాదం ఉంది. విరిగితే బోర్డుకు పేరు నేర్పే దారి ఆ వారంలో ఇంకొకటి లేదు.

సుగుణక్క ఆగారు. లెడ్ తీసేసిన మెకానికల్ పెన్సిల్‌ను తీసి టేబుల్ మీద పెట్టుకొన్నారు. దాని బోలు మొనలో ఒంగిన పిన్నును దూర్చి మెల్లగా లేపాలి. కుర్చీ లాక్కొని కూర్చున్నారు. ఆవిడ పని ముందు కూర్చోవడం నేను అదే మొదటిసారి చూడడం. జేబులోంచి కుడిచేయి బయటకు వచ్చి పెన్సిల్‌ను అందుకొంది. పెన్సిల్ మొన గాలిలో చిన్నచిన్న సున్నాలు చుడుతోంది. ఎడమచేత్తో మణికట్టును పట్టుకొన్నారు. అయినా ఆగలేదు. శ్రావ్య ల్యాప్‌టాప్ వైపు చూస్తోంది కాబట్టి చూడలేదు. నేను చూశాను. నేను చూశానని ఆవిడా చూశారు.

పెన్సిల్‌ను కింద పెట్టి, చేతిని జేబులోకి తోసి లేచారు. "వైదేహీ, నువ్వు చెయ్యి."

"నాకు చేతకాదక్కా. విరిగిపోతుంది."

"వత్తులు చేస్తవు కదా రోజు. గా వేళ్ళే కావాలె." ఒక్క క్షణం నన్ను కిందినుంచి పైదాకా చూశారు. "గీ చీరతోని మాత్రం కాదు. పట్టు, గీ కార్పెట్, పైనుంచి హీటర్. నువ్వు నడిచొస్తనే ఒంటి నిండ చార్జ్ ఉంటది. నీకు తెల్వదు, దానికి తెలుస్తది; ముట్టంగనే ప్రాసెసర్ కాలుతది. లోపల నా కాటన్ చీర ఉన్నది, ఉతికిందే."

అది ఆవిడ అనుకొన్నంత చిన్న సంగతి కాదు నాకు. మడి విప్పి ఇంకొకరి బట్ట కట్టుకోవడమంటే ఆనాటి ఉపవాసం మధ్యలో వదిలేసినట్టే అనిపించింది. నిలబడే ఉన్నాను. ఆవిడ నవ్వలేదు.

"నీ దేవునికి నేను చెప్పుకుంటలే."

"మీరు నమ్మరు కదా."

"నమ్మకపోతే చెప్పుకోవద్దా?"

లోపలికి వెళ్ళి చీర మార్చుకొన్నాను. మా మేనత్త ఉంటే ఏమనేదో అని భయపడుతూనే, ఆ పిల్ల ముఖం చూశాక ఆవిడైనా మార్చుకొనేదని నచ్చజెప్పుకొన్నాను. కిటికీ లోహపు చట్రాన్ని తాకి కూర్చుని భూతద్దం కింద మొదటి పిన్నును పెన్సిల్ మొనలోకి తీసుకొన్నాను. దూదిని పీచు తెగకుండా లాగేటప్పుడు వేళ్ళకు ఒక మాట వినబడుతుంది, ఇంక చాలు అని. అదే వినడానికి ప్రయత్నించాను. వెనకాల సుగుణక్క అడుగుల చప్పుడు.

"ఆంటీ, విరిగితే?" అంది శ్రావ్య గుసగుసగా.

"విరిగినంక ఏడుద్దాం, అందరం కూసొని," అన్నారు ఆవిడ. "వైదేహీ, ఊపిరి బిగబట్టకు. చెయ్యి వణుకుతది."

ఆ చివరి మాట ఆవిడ గొంతులోంచి ఎలా వచ్చిందో నాకు మాత్రమే తెలుసు. ఒక్కొక్కటే లేచాయి. ఆఖరిది కొంచెం పక్కకే నిలిచింది; ఇంక చాలు అనిపించి వదిలేశాను. పాత ప్రాసెసర్ సాకెట్‌లోకి దానంతట అది జారినట్టు దిగింది. పక్కనున్న స్క్రూను అరచుట్టు తిప్పి, కొత్త పేస్టు రాసి, రాగిగొట్టాన్ని బిగించి బటన్ నొక్కాను. ఫ్యాను తిరిగింది. తెర నల్లగానే ఉంది. నా నోట్లో శివనామం తిరుగుతోంది. తర్వాత తెల్లని గీత ఒకటి, దాని కింద అక్షరాలు. శ్రావ్య రెండు చేతుల్లో ముఖం దాచుకొంది.

బయోస్ మారుతున్నంతసేపు తెర మీది గీత కదిలీ కదలనట్టు ఉండి ప్రాణం తీసింది. "స్టక్ అయిందేమో ఆంటీ, ఎంటర్ కొట్టనా?" అని శ్రావ్య వేలు చాస్తే సుగుణక్క కసిరారు. "నువ్వు జర చెయ్యి తీస్తవా? మధ్యల ఆగిందంటే బోర్డు మొత్తం పోతది." అది పూర్తయ్యాక మళ్ళీ విప్పి కొత్తదాన్ని పెట్టాను. ఈసారి బోర్డు దాన్ని పేరుతో సహా పలికింది. పని అయిపోయిందనుకొన్నాం. ప్రాజెక్టు నడపడం మొదలుపెట్టిన కాసేపటికే ల్యాప్‌టాప్ ఠప్పున ఆరిపోయింది. వేడి. ఆ రాగిగొట్టం రెండు కోర్ల వేడిని మోయడానికే చేసింది. సుగుణక్క వంటింట్లోంచి స్టీలు గిన్నెలు తెప్పించి, ల్యాప్‌టాప్ వెనకభాగం కింద బోర్లించి పెట్టమన్నారు, గాలి ఆడేటట్టు. ప్రాసెసర్ వేగాన్ని కొంత తగ్గించమన్నారు. "పూర్తి వేగం పోకున్నా ఏం కాదు. ఆగకుండ పోతే చాలు." ఆగకుండానే పోయింది. వారాంతానికి శ్రావ్య ఫలితాలు చూపించింది, సెమిస్టర్ నిలిచింది. ఆ గిన్నెలు మాత్రం తిరిగి ఇవ్వలేదని సుగుణక్క చాలాకాలం దెప్పారు.

ఆ సోమవారం సాయంత్రం శ్రావ్య వెళ్ళాక ఇద్దరం బాల్కనీలో నిలబడ్డాం. చుక్క కనబడింది. ఆవిడ అరటిపండు తెచ్చి రెయిలింగ్ మీద పెట్టారు, నా చేతికి ఇవ్వకుండా.

"ఎన్నాళ్ళుగా అక్కా?"

"ఆఫీసుల ఉన్నప్పటి నుంచే. ఒకరోజు స్క్రూడ్రైవర్ జారి బోర్డు మీద గీత పడ్డది. ఎవరు చూడలే. నేను చూసిన కదా." చేతులు జేబుల్లోకి తోసుకొన్నారు. "డాక్టర్లు పేరు పెట్టిన్రు. గోలీలు ఇచ్చిన్రు. నడుస్తుంటే జర తక్కువ కనబడతది, జేబుల పెడితే అసలే కనబడది."

ఇన్నాళ్ళూ నాకు నేర్పడానికే తను చేయడం లేదనుకొన్నాను. "మరి నన్నెందుకు కూర్చోబెట్టారు?" అని మాత్రం అడిగాను.

"నేనున్నప్పుడే ఎవరికన్న నేర్పాలె కదా," అన్నారు, పండు వైపు చూపిస్తూ. "తిను. పొద్దటి సంది ఏం తినలే నువ్వు."

తర్వాత కొన్నేళ్ళకు ఆవిడ ఇంకో రాష్ట్రంలో, అల్ఫారెట్టాలో ఉన్న కూతురి దగ్గరకు వెళ్ళిపోయారు. నాలాంటి భార్యలకు పనిచేసే అనుమతి వచ్చిన ఈ ఏడాది, ఈ షాపులో చేరిన రోజు ఫోన్ చేసి చెప్పాను. గొంతు సన్నబడింది, మాటలు ఆగి ఆగి వస్తున్నాయి. "సర్టిఫికెట్ అడగలేదా?" అన్నారు. బోర్డు చేతికిచ్చి బాగుచేయమన్నారని చెప్పాను. చాలాసేపు నవ్వారు. కార్తీక సోమవారాల్లో దీపం ముందు ఆవిడ పేరు కూడా చెప్పుకొంటాను. నమ్మనివారి తరఫున నమ్మేవారు చెప్పుకోవచ్చునని ఆవిడ దగ్గరే తెలిసింది. షాపుకు నూలుచీరల్లోనే వస్తాను. విప్పిన పాత భాగాన్ని స్పాంజి పెట్టెలో భద్రంగా పెట్టి, కొత్తది పలికేదాకా దగ్గరే ఉంచుతాను. అన్నీ బిగించి బటన్ నొక్కాక తెర వెలిగేలోపు ఒక చీకటి ఉంటుంది కదా, అప్పుడు నేను కూర్చోలేను. లేచి, కోటు జేబుల్లో చేతులు పెట్టుకొని టేబుల్ చుట్టూ నడుస్తాను. నా చేతులు వణకవు, దేవుడి దయ. అయినా బోర్డు మేలుకొనేదాకా వాటిని బయటకు తీయను.