హిస్కే బ్యాగు ఎందుకు తెగలేదు

చేతికి ఏ కొత్త వస్తువు వచ్చినా హిస్కే టోల్స్మా ముందు దాన్ని తిరగేసి చూసేది. పుట్టినరోజుకు ఎవరైనా పూలగుత్తి తెచ్చిస్తే, సంతోషమని చెప్పేలోపే ఆమె చేయి కాడల చివర్లకు పోయేది, అవి ఎప్పుడు కోసినవో చూడడానికి. చుట్టాలు ఇది భరించలేక చాక్లెట్లకు దిగారు. అవి కూడా డబ్బా మీది తేదీని తామే పైకి చదివి వినిపించి, ఆ తర్వాతే బల్ల మీద పెట్టేవారు.

ఈ గుణమే ఆమెకు అన్నం పెట్టింది. పెళ్లయిన కొత్తలో కొన్న కెటిల్ మూత నెల తిరక్కుండా విరిగింది. దాన్ని సంచిలో వేసుకుని రైలెక్కి, లేవార్డెన్‌లోని ఒక వినియోగదారుల పత్రిక ఆఫీసుకు వెళ్లి, అప్పటి సంపాదకుడి బల్ల మీద పెట్టి ఆయన్ని దులిపేసింది. ఆయన ఓపిగ్గా విని, "ఇంత కోపం మా ఆఫీసులో ఎవరికీ లేదమ్మా. ఇక్కడే పనిచేస్తావా?" అన్నాడు. ఇందులో ఏం మెలిక ఉందోనని ఇంటికెళ్లి బాగా ఆలోచించుకుని మరీ ఒప్పుకుంది. అప్పటినుంచి గొడుగులు, వానకోట్లు, బూట్లు, పిల్లల బడిసంచులు, ఏ వస్తువు బజారులోకి వచ్చినా దాని బండారం బయటపెట్టడమే ఆమె పని. రూర్డ్ అనే సహోద్యోగి నేలమాళిగలో యంత్రాల మీద పరీక్షించేవాడు. హిస్కే ఆ వస్తువును ఇంటికి తెచ్చుకుని, రోజూ వాడి చూసేది.

ఆమె భర్త వొప్కే హార్లింగెన్ రేవులో పాతకాలపు పడవలకు తెరచాపలు కుట్టేవాడు. నాలుగేళ్ల కిందట షెడ్డు యజమాని పోయాడు, వారసులు ఆ షెడ్డును హోటలు వాళ్లకు అమ్మేశారు. వొప్కే తన సూదులు, మైనం ముద్దలు, అరచేతికి తొడుక్కునే తోలుపట్టీ తెచ్చి వంటింటి సొరుగులో పెట్టుకున్నాడు. పగలంతా బఠానీల సూపు కాచేవాడు, కరకట్ట మీద నిలబడి వచ్చే పోయే పడవల కుట్లను తిట్టేవాడు, దారిన పోయే ప్రతివాడితో కబుర్లాడేవాడు. పొద్దున్నే భార్య మధ్యాహ్నం తినడానికి రై ధాన్యపు నల్లరొట్టె, జున్ను సర్ది డబ్బాలో పెట్టేవాడు. ఆమె ఆ రొట్టెను కూడా ఎత్తి చూసేది.

"ఇన్నేళ్లుగా జున్నే పెడుతున్నాను గదే! ఏ రోజైనా విషం పెట్టానా?" అనేవాడు.

"ఇవాళ మొదలుపెట్టవని ఏముంది?" అని ఆమె మూత బిగించేది. అతని మీద ఆమె అనుమానం ఆ రొట్టెను దాటి ఎప్పుడూ పోలేదు.

ఆ అక్టోబరులో పత్రికకు ఒక లాప్‌టాప్ బ్యాగు వచ్చింది. బూడిదరంగు, తేలిక, బజారులో అన్నిటికంటే చవక. కాలేజీ పిల్లలు ఎగబడి కొంటున్నారు. దాన్ని తయారుచేసిన కంపెనీయే ఒకటి పంపించింది. హిస్కేకు అక్కడే మొదటి ముల్లు గుచ్చుకుంది.

"అడక్కుండా ఎందుకు పంపారు?" అంది రూర్డ్‌తో.

"మనం పరీక్షిస్తామని తెలుసు కాబట్టి. ఎవడైనా పంపుతాడు."

"ఎవడు పడితే వాడు పంపడు. దాచుకునేదేదో ఉన్నవాడే పంపుతాడు."

బ్యాగును బల్ల మీద బోర్లించి, వేళ్లతో తడిమింది. జిప్పు సన్నటి ప్లాస్టిక్‌ది, మూలల్లో పట్టేస్తోంది. లోపలి అస్తరు ఉల్లిపొరలా ఉంది. అడుగున గుడ్డ పలచన. భుజం పట్టీ సంచితో కలిసేచోట పైపైన నాలుగు కుట్లు వేసి వదిలేశారు. అక్కడ గోటితో మీటి, "ఇది క్రిస్మస్ చూడదు," అని తీర్పు చెప్పింది.

"పందెమా?" అన్నాడు రూర్డ్. "నువ్వు ఓడిపోతే ఆఫీసంతటికీ ఆరెంజి కేకు."

"పెట్టుకో. తినేది నేనే."

యంత్రం మీద ఎత్తి పడేసి చూద్దామంటే, దాని మోటారు ఆ వారమే కాలిపోయింది. కొత్త మోటారు జర్మనీ నుంచి రావాలట. ఇప్పుడే పాడవ్వాలా ఇది, అనుకుంది హిస్కే. రూర్డ్ ముఖంలోకి కాస్త ఎక్కువసేపే చూసింది.

బ్యాగులో చచ్చిపోయిన పాత లాప్‌టాప్ ఒకటి, దాని చార్జరు, ఫ్లాస్కు, రొట్టెల డబ్బా వేసుకుని రోజూ మోసింది. ఇంటినుంచి స్టేషనుకు సైకిలు మీద, ఎదురుగాలిలో, పక్కవాటు వానలో. అక్కడినుంచి రైలు. తడి ఎంత లోపలికొస్తుందో తెలియడానికి అడుగున వార్తాపత్రిక పరిచింది. మొదట్లో కాగితం ఒక మూల తడిసింది. తర్వాత అదీ లేదు. జిప్పు మూలల్లో పట్టేయడం మానేసి వెన్నలా జారసాగింది. భుజం కుట్టు చెక్కుచెదరలేదు.

క్రిస్మస్ వచ్చింది, పోయింది. ఆమె బ్యాగులో ఇంకో లాప్‌టాప్ కూడా కుక్కింది. అయినా తెగలేదు.

"కేకు ఎప్పుడమ్మా?" అని రూర్డ్ మెట్ల మీద ఎదురైనప్పుడల్లా అడిగేవాడు. ఆ నవ్వు ఆమెకు నచ్చలేదు.

వాడుతున్న కొద్దీ వస్తువు మెరుగుపడుతుందా ఎక్కడైనా? ఎవరో ఏదో చేస్తున్నారు. మధ్యాహ్నం భోజనవేళ బ్యాగు ఆఫీసు అలమరలో ఉంటుంది. అలమర తాళం రూర్డ్ దగ్గర కూడా ఉంది. పైగా జనవరి మొదట్లో కాలవ పక్కన కాఫీ హోటలు అద్దంలోంచి అతను కనిపించాడు, ఎదురుగా సూటు వేసుకున్న మనిషి ఒకడు. బల్ల మీద రంగుల కాగితాలు. ఆమెను చూసి రూర్డ్ చెయ్యి ఊపాడు. అంత మామూలుగా చెయ్యి ఊపడమే ఆమెకు అన్నిటికంటే అనుమానంగా తోచింది.

బ్యాగును మార్చేస్తున్నారేమోనని లోపలి జేబులో ఎవరికీ కనిపించని చోట ఇంకుతో చిన్న చుక్క పెట్టింది. చుక్క అలాగే ఉంది. అయితే కంపెనీ పంపిన బ్యాగే వేరన్నమాట, పత్రిక కోసం ప్రత్యేకంగా గట్టిగా కుట్టించింది. రూర్డ్‌కు ఆ సంగతి తెలుసు. మోటారు కూడా అందుకే కాలింది.

ఒక సాయంత్రం ఇంటికి పోతూ ఫ్రానెకర్‌లో రైలు దిగి, అక్కడి దుకాణంలో అచ్చం అలాంటిదే ఒకటి కొన్నది. ఇంటికి మాత్రం తీసుకుపోలేదు. రూర్డ్‌ది కూడా హార్లింగెనే. చేపల బండి దగ్గర అతను కనిపిస్తే చాలు, వొప్కే నోట నువ్వుగింజ నానదు. అందుకని కొత్త బ్యాగును ఆఫీసు సైకిళ్ల గదిలో తన అరలో దాచి, రోజూ మధ్యాహ్నం బరువు నింపుకుని ఊరంతా సైకిలు తొక్కి వచ్చేది. జిప్పు పట్టేసింది. కాగితం తడిసి ముద్దయింది. ఫిబ్రవరిలో ఒకనాడు వంతెన ఎక్కుతుండగా భుజం పట్టీ పుటుక్కున ఊడి, బ్యాగు రోడ్డు మీద పడింది. ఫ్లాస్కు దొర్లుకుంటూ కాలవలోకి పోయింది. హిస్కే అక్కడే నిలబడి నవ్వింది. దారిన పోయేవాళ్లు వింతగా చూశారు.

మర్నాడు పొద్దున సంపాదకురాలు అలైదా గదిలో రెండు బ్యాగులనూ పక్కపక్కన పెట్టింది. రూర్డ్‌ను పిలిపించింది.

"ఇది బజారుది. ఇది వాళ్లు పంపింది. ఒకటి తెగింది, ఇంకొకటి తెగలేదు. ఎందుకో నువ్వే చెప్పు రూర్డ్."

"నాకేం తెలుసు?"

"కాఫీ హోటల్లో ఆ సూటువాడెవడు?"

రూర్డ్ ముఖం ఎర్రబడింది. "మా నాన్న ఇంకెన్నాళ్లో బతకడు. ఆయన అంత్యక్రియల ఏర్పాట్లు మాట్లాడే మనిషి. శవపేటికల బొమ్మలు చూపిస్తున్నాడు. ఇంకేమైనా తెలుసుకోవాలా?"

హిస్కే తెగిన బ్యాగును పక్కకు జరిపింది. అయినా బ్యాగు సంగతి తేలలేదు కదా, అని లోపల ఒక పురుగు తొలుస్తూనే ఉంది.

అలైదాయే బ్యాగును కిటికీ వెలుతురులోకి తీసుకెళ్లింది. "ఇలా రండి ఇద్దరూ. ఈ కుట్టు చూడండి, అడుగున సన్నటి నైలాను దారం తెగిపోయి ఉంది. దాని మీద ఇంకో దారం ఉంది, లావుది. ఇది మిషను కుట్టు కాదు, చేత్తో వేసింది."

"అదే రంగులో వేశారు," అన్నాడు రూర్డ్ వంగి చూస్తూ. "ఎవరో పనిమంతుడే. ఫ్యాక్టరీలో ఇలా ఎవరూ కుట్టరు, గిట్టుబాటు కాదు."

హిస్కే కుట్టును ముక్కు దగ్గరకు తెచ్చుకుంది. తేనెమైనం, కొంచెం తారు. పెళ్లయిన నాటినుంచి ఆమె దుప్పట్లలో, తువ్వాళ్లలో, భర్త చొక్కా చేతుల్లో ఉన్న వాసన. ఆమె బ్యాగును మెల్లగా కింద పెట్టి, "నేను ఇంటికి పోవాలి," అంది.

వొప్కే వంటింట్లో క్యారెట్లు తరుగుతున్నాడు. వేళ కాని వేళ వచ్చిన భార్యను చూసి, "ఒంట్లో బాగాలేదా?" అన్నాడు.

"బ్యాగు కుట్టింది నువ్వేనా?"

"ఆఁ, నేనే. ఊడిపోతోంటే ఏం చేయమంటావు? అది కుట్టా? దారం వేస్ట్ చేశారు గానీ." అతను తరగడం ఆపలేదు. "జిప్పుకి కూడా కొంచెం మైనం రాశాను. అడుగున నూనె పట్టించాను, గుడ్డ మరీ జల్లెడలా ఉంటేనూ."

"ఎప్పుడు చేశావు ఇదంతా?"

"నువ్వు స్నానానికెళ్లినప్పుడు. రొట్టె సర్దేటప్పుడు ఎలాగూ బ్యాగు తెరుస్తాను గదా."

హిస్కే కుర్చీలో కూలబడింది. "వొప్కే, అది పరీక్ష. అది తెగిపోవాలి. ఎప్పుడు తెగుతుందా అని నాలుగు నెలలుగా చూస్తున్నాను!"

"తెగిపోవాలా?" కత్తి ఆగింది. "నువ్వు మోసే బ్యాగు తెగిపోతే మంచిదని నాకెలా తెలుస్తుందే? నీ భుజానుంచి జారి రైలు పట్టాల మీద పడితే?"

నిజంగానే అతనికి తెలియదు. వస్తువులు పరీక్షిస్తుందని తెలుసు గానీ, పరీక్షంటే పాడయ్యేదాకా వాడడమని ఆమె ఎప్పుడూ చెప్పలేదు. అతనూ అడగలేదు. ఇంతలో ఆమెకు ఇంకో ఆలోచన వచ్చింది.

"పోయినేడాది ఆ గొడుగు?"

వొప్కే క్యారెట్ల వైపు చూశాడు. "ఒక పుల్ల వంగింది. సరిచేశాను."

"ఆ వానకోటు?"

"చంకలో కాస్త."

"బూట్లు?"

"అబ్బే, బూట్లు ముట్టుకోలేదు." ఇంకో క్యారెట్ అందుకుని, "ఒక్క అడుగుభాగం అంటించాను, అంతే," అన్నాడు.

గొడుగుకు ఆమె ఆ ఏడాది మేటి గొడుగని పేరు పెట్టింది. పత్రిక చదివి ఎంతమంది కొన్నారో. ఎవరినీ నమ్మని మనిషని ఊరంతా అనుకునే ఆమె తన వంటింట్లోకి మాత్రం తొంగి చూడలేదు. ఆమెకు ముందు ఏడుపొచ్చింది, తర్వాత కోపమొచ్చింది. రెండూ అతని మీద చూపిద్దామని తలెత్తితే, వొప్కే తరిగిన క్యారెట్లనే మళ్లీ తరుగుతున్నాడు.

"షెడ్డు పోయాక చేతులు ఊరుకోవడంలేదు హిస్కే," అన్నాడు. "నువ్వు ఇంటికి తెచ్చేవి తప్ప నాకు కుట్టడానికి ఏముంది?"

మర్నాడు ఆమె అలైదాకు అంతా చెప్పేసింది. ఉద్యోగం వదిలేస్తానని కూడా అంది. అలైదా ముందు తల పట్టుకుంది, తర్వాత ఆపుకోలేక నవ్వింది, ఆ తర్వాత సీరియస్‌గా నాలుగేళ్ల ఇంటి పరీక్షలన్నీ మళ్లీ చేయించాలని నిర్ణయించింది. పత్రికలో పొరపాటు ఒప్పుకుంటూ హిస్కే పేరుతోనే అర పేజీ వేశారు. గొడుగు రెండో పరీక్షలో తేలిపోయింది. బూట్లు మాత్రం నిలబడ్డాయి. బ్యాగు గురించి చివరికి ఆమె రాసింది ఇంతే: భుజం పట్టీ నమ్మదగ్గది కాదు, వానలో కాగితాలు తడుస్తాయి, కొనగానే పట్టీ దగ్గర మళ్లీ కుట్టించుకుంటే మిగతాదంతా పెట్టిన డబ్బుకు న్యాయమే. కంపెనీ పెద్దలు కోపంగా ఫోను చేస్తే అలైదా మాట్లాడింది.

రూర్డ్ దగ్గరికి హిస్కే ఒక్కతే మెట్లు దిగి వెళ్లింది. "తప్పు చేశాను. మీ నాన్నకెలా ఉంది?"

"ఇంకా ఉన్నాడు. పేటిక బొమ్మలు చూసి, ఇంత ఖరీదా, అట్టపెట్టె చాలదా, అని గొడవ." అతను ఆమె వైపు చూడకుండానే కొత్త మోటారు మరలు బిగించాడు. "నీ మాట మాత్రం మర్చిపోవడానికి టైము పడుతుంది."

"పట్టనీ," అంది. ఆ వారాంతం రూర్డ్ తండ్రిని చూడ్డానికి వెళ్లింది. ముసలాయనకు ఆమె బాగా నచ్చింది. పేటికల కంపెనీవాళ్లను తిట్టడంలో ఇద్దరికీ కుదిరింది.

వేసవి ముందు ఒక ఆదివారం హిస్కే బీరువా తీసి తన ఊదారంగు ఉన్ని కోటు బయటికి లాగింది. లోపలి అస్తరు చంక దగ్గర చిరిగి రెండేళ్లయింది. దాన్ని తెచ్చి కిటికీ దగ్గర కూర్చున్న వొప్కే ఒళ్లో పడేసింది.

"కుట్టు."

వొప్కే దాన్ని తాకలేదు. ఆమె ముఖాన్నీ, కోటునూ మార్చి మార్చి చూశాడు. "ఇది పరీక్షకి తెచ్చింది కాదు గదా?"

"కాదు. నాదే."

"నిజంగా?"

"నాదేనయ్యా బాబూ! మా అక్క కొనిచ్చింది."

అతను ఇంకా నమ్మలేదు. కోటు తిరగేసి, మెడ దగ్గర పట్టీ మీద ఏ కంపెనీదో చదివి, జేబులో చేయి పెట్టి చూశాడు. పాత రైలు టికెట్టు, చీమిడి రుమాలు దొరికాయి. అప్పుడు లేచి వంటింటి సొరుగు తెరిచాడు.