ఆయన చదివిన కాగితం

మా సంఘం పాస్టరు అయ్యగారు పోయారని మంగళవారం పొద్దున్న ఏలూరు ఆసుపత్రి నుంచి ఆయన భార్య, మా అమ్మగారు, ఫోన్ చేసి చెప్పారు. అప్పుడు నేను చేపలు తోముతున్నాను. చేతులు కడుక్కోకుండానే గుడి దగ్గరకు వెళ్లాను. అప్పటికే అరుగు మీద ముగ్గురు చేరి, పాపం, పక్షవాతం వచ్చినప్పుడే ఆయన సేవ ఆగిపోయిందని అనుకుంటున్నారు. ఆ మాటకు జవాబు చెప్పడానికే ఇది రాయిస్తున్నాను. నాకు అక్షరం రాదు. కోడలు రాస్తోంది. నా మాటల్ని మెత్తబరచవద్దని ముందే చెప్పాను.

పడిపోకముందు ఆయన గొంతు ఎలాంటిదో ఈ కొల్లేరు లంకల్లో అందరికీ తెలుసు. మైకు లేకపోయినా చెరువుగట్టు అవతలకు వినిపించేది. ఏలూరు, తాడేపల్లిగూడెం సభలకు పిలిచేవారు. ఆయన ప్రసంగం వింటూ నేను ఏడ్చేదాన్ని. ఇంటికి వచ్చాక ఏం చెప్పారని మా ఆయన అడిగితే మాత్రం ఒక్క ముక్క చెప్పలేకపోయేదాన్ని.

ఆరాధన అయ్యాక గుమ్మం పక్క బల్ల మీద కూర్చుని చదువు రానివాళ్ల కాగితాలు చదివిపెట్టేవారు. పింఛను కాగితాలు, ఆసుపత్రి రిపోర్టులు, చెరువు లీజులు. వేలిముద్రలకు సిరాపెట్టె ఆయన సంచిలోనే ఉండేది. ముందు కాఫీ తాగారా అని అడిగి, దారం కట్టిన కళ్లజోడు పెట్టుకుని, ఉన్నది ఉన్నట్టు చదివేవారు. మా ఆయన లివరు రిపోర్టులో ఏముందో నా కొడుకులు నాకు చెప్పలేదు. ఈయన చదివారు. చదివి, సాయంత్రం దాకా నాతో కూర్చున్నారు.

ఆరేళ్ల కిందట పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పడిపోయింది. మాట మధ్యలో ఆగిపోయేది, తర్వాతి మాటకు నిమిషం పట్టేది. కొన్ని కుటుంబాలు పక్క ఊరి గుడికి వెళ్లడం మొదలుపెట్టాయి. ఆయన్ని తీసేసి వేరేవారిని పంపమని సంఘం పెద్దలు పైవాళ్లకు అర్జీ రాయించారు. ఆడవాళ్ల వేలిముద్రలు వేయించే పని నాకు అప్పగించారు. నా నోటికి ఊళ్లో జంకుతారు కదా. నాకూ ఆయన్ని మార్చాలనే ఉంది, దాచను. మారిస్తే ఆ జబ్బుమనిషి గుడి పక్క ఇల్లు ఖాళీ చెయ్యాలనీ తెలుసు.

అయితే ఏముందో తెలియని కాగితం మీద నేను ముద్ర వెయ్యను. ఎవరిని చదవమనాలి? రాయించినవాళ్లు తమకు కావలసినట్టు చదువుతారు. అలవాటైన కాళ్లు నన్ను ఆ బల్ల దగ్గరకే తీసుకెళ్లాయి. ఆయన మీద రాసిన అర్జీని ఆయన చేతికే ఇచ్చాను. ఇది రాస్తూ కోడలు తల పట్టుకుంటోంది.

చదివారు. ఒక్కో మాటా ఆగి, కూడదీసుకుని చదివారు. తనకు మాట రాదనీ, చెయ్యి లేవదనీ, ప్రభువు బల్ల సంస్కారం ఇచ్చేటప్పుడు ద్రాక్షరసం ఒలికిందనీ, అన్నీ. ఒక్క వాక్యం దాటెయ్యలేదు. అయ్యేసరికి మొహమంతా చెమట.

"ఇందులో అబద్ధం ఉందా అండీ?" అన్నాను.

"లేదమ్మా. అంతా... నిజమే."

"అయితే వేస్తానండి."

"వెయ్యండి."

ఎడం చేత్తో ఆయనే సిరాపెట్టె తెరిచారు. ముద్ర పడ్డాక తన కండువా చివరతో నా వేలు తుడిచారు.

మొదటి ఇంట్లో మా తోడికోడలు, ఏం రాశారని అడిగింది. చెప్పాను. ఎవరు చదివారంది. అయ్యగారే అన్నాను. అది నా మొహంలోకి చూసి చెయ్యి కొంగులో దాచుకుంది.

"ఆయన చేత చదివించి మరీ వేశావా? నువ్వు మనిషివేనా అక్కా?"

ఆ రోజు తిరిగిన ప్రతి ఇంట్లో అదే ప్రశ్న. అబద్ధం చెప్పి ఉంటే పని అయ్యేది. తన మీద రాసినదాన్ని కూడా ఆయన మార్చి చదవలేదు, నేనెలా మార్చి చెప్పను? చివరకు ఆడవాళ్లలో నా ఒక్కదాని ముద్రే ఉంది. పెద్దలు ఆ కాగితం పంపలేదు.

తర్వాతి ఆదివారం ఆయన లేచి బైబిలు వాక్యం చెబుతూ సగంలో ఆగిపోయారు. అందరూ తలలు దించుకున్నారు. అది నాకు నోటికి వచ్చిన వాక్యం. ఉండబట్టలేక కూర్చున్నచోటి నుంచే మిగతాది చెప్పేశాను. ఆయన నవ్వి, "అదే" అన్నారు. ఇక అదే మా పద్ధతి అయిపోయింది. సగం ఆయన, సగం మేము. అందుకోవాలంటే ముందే నోటికి రావాలి కదా. వారమంతా రొయ్యలు ఒలుస్తూ, చదువు వచ్చినవాళ్ల చేత చెప్పించుకుని నేర్చుకున్నాం. మాట తనది కాదు, దేవుడిదనీ, తన దగ్గర ఆగిపోతే దాన్ని మమ్మల్ని ముందుకు తీసుకెళ్లమనీ అనేవారు.

ఒకసారి, ఆ ముద్రకు క్షమించమని అడిగాను. "నిజం మీదే వేశారు కదమ్మా" అన్నారు. తిట్టినా బాగుండేది.

సేవ ఆగిపోయిందట. గొంతు ఉన్నన్నాళ్లూ మేము విని ఇళ్లకు వచ్చేశాం. గొంతు పోయాకే నేర్చుకున్నాం. అరుగు మీద కూర్చున్నవాళ్లకు ఇదే నా జవాబు.

భూస్థాపనకు ఏలూరు నుంచి వచ్చిన అయ్యగారు చిన్నవారు, మంచి గొంతు. సమాధి దగ్గర మైకులో వాక్యం చదువుతుంటే గాలికి పేజీ తిరిగిపోయి ఆగారు. ఆగినచోటి నుంచి ఆడవాళ్లమంతా ఒక్కసారే అందుకున్నాం. ఎవరమూ అనుకుని చేసింది కాదు. ఆయన తెల్లబోయి మా వైపు చూశారు. తర్వాత మైకు పక్కన పెట్టి, పుస్తకం మూసి, మేము చెప్పడం అయ్యేదాకా చేతులు కట్టుకుని నిలబడ్డారు.