ఇంటిపేరు లేని ఫంక్షన్లు

బాబుకి ఐదో నెల నిండాక నేను మళ్ళీ ఆఫీసుకు వెళ్ళడం మొదలుపెట్టాను. మేం అప్పుడు బెంగుళూరులో మడివాళ మార్కెట్ వెనక వీధిలో ఒక మేడ మీద అద్దెకుండేవాళ్ళం. కింద ఉండే ఓనరమ్మ పగలంతా బాబుని చూసుకుంటానంది. తాతల కాలంలో అనంతపురం వైపు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన కుటుంబం వాళ్ళది. మధ్యాహ్నం నేను ఫోన్ చేస్తే, నోరు తెరవకముందే ఆవిడే కన్నడం కలిసిన తెలుగులో చెప్పేసేది.

"ఉండాడమ్మా, బాగుండాడు. ఊట చేసి పండుకోనుండాడు. నువ్వు సుమ్మనే ఫోన్ కొట్టి వాణ్ని లేపబాక."

అయినా గంట తర్వాత మళ్ళీ చేసేదాన్ని. నా స్వభావమే అంత. పొద్దున గ్యాస్ కట్టేసి, మెట్లు దిగి, మళ్ళీ ఎక్కి చూసి వచ్చేదాన్ని. ఈ సంగతి ఒకసారి నోరు జారి చెప్పాను. ఇక మా టీములో కుర్రాళ్ళు నేను సీట్లో కూర్చోగానే "అక్కా, గ్యాస్ కట్టేశావా?" అని పలకరించేవాళ్ళు.

ఆఫీసు వ్యాన్ సాయంత్రం ఐదున్నరకు బయల్దేరేది. అది తప్పితే రెండు బస్సులు మారి ఇల్లు చేరేసరికి బాబు నిద్రపోయి ఉండేవాడు. అందుకని ఏ పని ఎక్కడున్నా వదిలేసి వ్యాన్ ఎక్కేదాన్ని. చిక్కేమిటంటే, మా దగ్గర ముఖ్యమైన మాటలన్నీ ఆరింటి మీటింగులోనే జరిగేవి. ఎవరు ఏ పని చెయ్యాలో అక్కడే తేలేది. మర్నాడు పొద్దున నాకు మిగిలిన పని దొరికేది.

మా టీము లీడ్ గుంటూరాయన. ఒకరోజు నన్ను పక్కకు పిలిచాడు.

"మాన్యువల్స్ రాసే టీములో ఖాళీ ఉందమ్మా. టైముకు వెళ్ళొచ్చు, టెన్షన్ ఉండదు. నెలాఖరులోగా ఆలోచించి చెప్పు."

చెడ్డ ఉద్దేశంతో అన్న మాట కాదు. కానీ ఆ టీముకు వెళ్ళినవాళ్ళెవరూ తిరిగి ప్రోగ్రాములు రాయడానికి రావడం నేను చూడలేదు. ఇంజనీరింగ్ చదివిందీ, ఇంట్లో పోట్లాడి బెంగుళూరు వచ్చిందీ ఆ పని కోసమే. వద్దని చెప్పే ధైర్యం లేదు, సరేననడానికి మనసు రాలేదు. "ఆలోచిస్తాను సర్" అన్నాను.

ఆ నెలలోనే ఒక కస్టమర్ దగ్గర మా ప్రోగ్రాం కూలిపోవడం మొదలైంది. మా మెషీన్లమీద ఎన్నిసార్లు నడిపినా చక్కగా నడిచేది. వాళ్ళ దగ్గర మాత్రం మొదలైన కాసేపటికే ఆగిపోయేది. ప్రోగ్రాం ఆగిపోయే క్షణంలో దాని మెమరీలో ఉన్నదంతా ఒక ఫైలులో పడుతుంది. వాళ్ళు ఆ ఫైలు పంపారు. ప్రోగ్రాంలో ఒక్కో పని చేసే ముక్కని ఫంక్షన్ అంటాం. ఆ ఫైలు తెరిస్తే, ఏ ఫంక్షన్ ఏ ఫంక్షన్‌ని పిలిచి ఎక్కడ ఆగిపోయిందో వరసగా కనిపిస్తుంది. అన్నిటికన్నా పైన ఉన్న పేరు ట్రిమ్. వాక్యం చివర ఖాళీలు కత్తిరించే చిన్న ఫంక్షన్. పది లైన్లు ఉంటుందేమో.

ఆ పది లైన్లనీ మా వాళ్ళు అటు తిప్పి ఇటు తిప్పి చదివారు. ఒకడు దాన్ని కొట్టేసి మళ్ళీ రాశాడు. కొత్తది పంపితే అదీ కూలింది. "దీనికి దిష్టి తగిలింది సర్, నిమ్మకాయ కట్టాలి" అన్నాడు వాడే.

నాకు ఆ పని ఎవరూ ఇవ్వలేదు. మిగిలిన పని ముగించుకుని, ఒక మధ్యాహ్నం ఊరికే ఆ ఫైలు తెరిచాను. పేరు పక్కనే దాని అడ్రసు ఉంటుంది, మెమరీలో ఆ ఫంక్షన్ కూర్చున్న చోటు. పొడుగాటి అంకెలు, మధ్యలో అక్షరాలు. పేరు కనిపిస్తుంటే అడ్రసు ఎవరు చదువుతారు? గ్యాస్ కట్టేశానని తెలిసీ మెట్లెక్కే మనిషిని కాబట్టి నేను చదివాను. ప్రోగ్రాం మొదలైనప్పుడు ఒక్కో లైబ్రరీ, అంటే ఒక్కో ఫంక్షన్ల కట్ట, మెమరీలో ఒక్కో చోట దిగుతుంది. ఎక్కణ్ణుంచి ఎక్కడిదాకా మనదో, తప్పులు వెతకడానికి వాడే డీబగ్గర్‌ని అడిగితే చెబుతుంది. అడిగాను. ట్రిమ్ అడ్రసు మా హద్దుల్లో లేదు.

తప్పు చూశానేమోనని ఒక్కో అంకె మీద వేలు పెట్టి మళ్ళీ చదివాను. లేదు. అది ఇంకెవరిదో లైబ్రరీలో ఉంది. ఆ ట్రిమ్ మాది కాదు.

అప్పుడు విషయం అర్థమైంది. ప్రోగ్రాం ఒక ఫంక్షన్‌ని పేరు పెట్టి పిలిస్తే, సిస్టమ్ లైబ్రరీలన్నిటినీ వరసలో వెతుకుతుంది. ఆ పేరుతో మొదట ఎవరు కనిపిస్తే వాళ్ళ అడ్రసే ఇస్తుంది. వెనక ఇంకొకరున్నారా అని చూడదు. కస్టమర్ దగ్గర వేరే కంపెనీ లైబ్రరీ ఉంది, అందులోనూ ఒక ట్రిమ్ ఉంది. కస్టమర్ సెట్టింగులు చెడగొట్టకూడదని, మన లైబ్రరీని ఎప్పుడూ వరసలో చివరే పెట్టాలని మా లీడ్ పెట్టిన నియమం. పరాయి ఇంట్లో పీట చివర వేసుకుని కూర్చునే మర్యాద. ఆ మర్యాదే కొంప ముంచింది. ఆ కంపెనీ ట్రిమ్‌కి రెండు విషయాలు చెప్పాలి, మేం ఒకటే చెబుతున్నాం. రెండోది లేక అది ఏదో పనికిరాని అడ్రసుకు పోయి పడుతోంది.

లీడ్‌కి చూపించాను. ఆయనా ఒక్కో అంకె మీద వేలు పెట్టి చదివాడు. తర్వాత కుర్చీ తిప్పి అందరినీ పిలిచాడు.

"ఒరే, మనం రాసిన ఫంక్షన్లన్నీ ఇంటిపేరు లేకుండా తిరుగుతున్నాయి. ట్రిమ్, కాపీ, రీసెట్... ఊళ్ళో అందరికీ ఉండే పేర్లే. ఇవాళ్టి నుంచి తెలుగోళ్ళ పద్ధతి. ఇంటిపేరు ముందు, పేరు తర్వాత."

"మా తమిళవాళ్ళకి ఇంటిపేరు లేదు సార్," అన్నాడు పక్క సీటు అబ్బాయి, మాతో ఉండి నేర్చుకున్న తెలుగులో. "నేను రాసినవి ఏం చెయ్యాలి?"

"దత్తత తీసుకుంటాం లేరా."

అందరూ నవ్వుతుండగా నేను అడిగేశాను. ఆ నవ్వు లేకపోతే అడిగేదాన్ని కాదు.

"సర్, మాన్యువల్ టీముకు నేను వెళ్ళను. ఈ పేర్లు మార్చే పని నాకివ్వండి."

ఆయన నావైపు తిరిగాడు. "పెద్ద పనమ్మా అది. పిలిచిన చోటల్లా మార్చాలి. అందరితో కూర్చోవాలి. సరే, ఆరింటి మీటింగులో..." అని, ఆగాడు. గోడ గడియారం వైపు చూశాడు. "కాదులే. మూడింటికి పెడదాం. రేపట్నుంచి మీటింగు మూడింటికే."

మర్నాడు మూడింటికి అందరూ మెస్ భోజనం చేసి వచ్చి కూర్చున్నారు. ఒకడు ఆవలిస్తున్నాడు, దిష్టి అన్నవాడు దాదాపు నిద్రలో ఉన్నాడు. నేను లేచి బోర్డు దగ్గరికి వెళ్ళాను. మా ప్రోగ్రాముకు ఏ ఇంటిపేరు పెడదామని అడిగాను. నిద్రపోతున్నవాడితో సహా అందరూ ఒకేసారి మాట్లాడటం మొదలుపెట్టారు.