టెస్టరు మామయ్య జేబులో బల్బు

...అయినా మీరే చెప్పండి, ఊరందరి ఇళ్లకీ దీపాలు పెట్టేవాడి ఇంట్లోనే చీకటంటే నవ్వు రాదూ? మా టెస్టరు మామయ్య సంగతే చెబుతున్నా. ముప్పై ఏళ్లుగా వైరింగ్ పని. చొక్కా మర్చిపోతాడేమో గానీ టెస్టరు మర్చిపోడు. ఎవరింటికి వెళ్లినా, "ఒక్కో బల్బుకి ఒక్కో దారి వేయాలమ్మా, ఒకటి పోయినా ఇంకోటి వెలుగుతుంది" అని పాఠం చెప్పి మరీ వేస్తాడు.

సొంతింటికి వచ్చేసరికి వైరు రెండు గజాలు తక్కువైంది. వరండా బల్బులోంచి బయటికొచ్చిన వైరునే లాక్కెళ్లి అత్తయ్య కుట్టుమిషను మీది బల్బుకి కలిపేశాడు. ఒకే దారిలో రెండు బల్బులు. వచ్చే వోల్టేజీని రెండూ పంచుకోవాలి కాబట్టి రెండూ జ్వరమొచ్చినట్టు నీరసంగా వెలిగేవి. "కళ్లకి చలవ" అనేవాడు మామయ్య.

మొన్నామధ్య అత్తయ్యకి ఆసుపత్రివాళ్లు డాక్టర్లు వేసుకునే తెల్లకోట్లు ముప్పై కుట్టమని ఇచ్చారు. గడువు రోజు సాయంత్రం నాలుగింటికి అందకపోతే ఆ పని ఇక సందు చివరి టైలరుదే. ఇంకా ఆరు కోట్లకి గుండీలు కుట్టాలి. గదికి కిటికీ లేదు. టప్పున దీపం ఆరిపోయింది.

"ఏవండోయ్! నా బల్బు ఆరిపోయింది!"

"నేనున్నాగా, కంగారెందుకే?"

మామయ్య ఫ్యూజు చూశాడు, బాగుంది. బల్బు మార్చాడు, వెలగలేదు. స్విచ్చిలో టెస్టరు పెడితే వెలిగింది, బల్బు హోల్డర్లో పెడితే వెలగలేదు.

"చూశావా! మధ్యలో ఎవడో కరెంటు మింగేస్తున్నాడు!" అంటూ వీధిలోకెళ్లి స్తంభం కింద నిలబడి లైన్‌మన్‌ని అరగంట తిట్టి వచ్చాడు.

అత్తయ్య చూపు అతని చొక్కా మీద ఆగింది. "ఆ జేబులో ఉబ్బెత్తుగా ఏంటది?"

"వరండా బల్బు. పట్టపగలు అక్కడ దీపమెందుకు, దండగని ఊడదీశా."

"అయితే మింగినవాడు జేబులోనే ఉన్నాడన్నమాట! వెళ్లిన కరెంటు తిరిగి రావాలి, మధ్యలో ఎక్కడ తెగినా మొత్తం ఆగిపోతుంది... మీరు ఊరికి చెప్పే పాఠమేగా?"

మామయ్య జేబు మీద చెయ్యేసుకున్నాడు. "నా పరువు తీయకే."

"మీ పరువుకేం, దానికి వేరే దారుంది లెండి, నా బల్బు ఆరినా అది వెలుగుతుంది. ఆ బల్బు తర్వాత పెట్టుకోవచ్చు, ఇప్పటికి ఎండే నయం. రండి, సూదిలో దారమెక్కించండి."

ఇద్దరూ గడప మీద ఎండలో కూర్చుని గుండీలు కుట్టారు. నాలుగింటికి పది నిమిషాల ముందే కోట్లు అందాయి. ఆసుపత్రివాళ్లు ఇంకో ముప్పై ఇచ్చారు.

"ఇవి మాత్రం ఆ గుడ్డిదీపం కింద కుట్టను. రెండు గజాల వైరు తెచ్చి నా బల్బుకి వేరే దారి వేయండి" అంది అత్తయ్య.

మామయ్య అప్పుడే బయల్దేరాడు. దారిలో టీకొట్టు దగ్గర ఎవరో ఇల్లు కట్టుకుంటున్నామన్నారట. ఒక్కో బల్బుకి ఒక్కో దారి ఎందుకు వేయాలో వాళ్లకి విడమరిచి చెప్పి, వాళ్లింట్లో వైరింగ్ పని ఒప్పుకుని ఇంటికొచ్చాడు.

అత్తయ్య వైరు మాత్రం ఇంకా కరెంటు సామాన్ల కొట్లోనే ఉంది.