కుడితి తొట్టి

ఎవరి పిచ్చి వాళ్లకి ఆనందం. మా ఆయనకి పడవల పిచ్చి. ఆదివారం ఏలూరులో ఆరాధన అవగానే, తెల్లచొక్కా అయినా మార్చుకోకుండా స్కూటరు కొల్లేటి వైపు తిప్పేస్తారు. వెనక నేను, నా ఒళ్లో పులిహోర డబ్బా. చేపల చెరువుల్లో మేత చల్లే ఫైబరు పడవ, ఖాళీ డ్రమ్ములు కట్టిన తెప్ప, ఎవరో పాత ఇంజను బిగించిన ముసలి నావ, ఏది కనబడినా బ్రేకు పడాల్సిందే. ఆయనకి ఒకటే నియమం. నీళ్లమీద తేలితేనే లెక్క, ఒడ్డున ఉంటే అది వట్టి కట్టె.

ఇన్నేళ్లలో దొరకనిదల్లా తాటిదోనె. తాటిమొద్దు తొలిచి చేసిన అలాంటి దోనెలోనే మా మామగారు చేపలవేటకి వెళ్లేవారట, చంటివాడైన ఈయన్ని అందులోనే పడుకోబెట్టుకుని. "ఒక్కటి నీళ్లమీద చూస్తే చాలే నాకు" అని ఎన్నిసార్లు అన్నారో.

పోయిన ఏడాది ఒక కొల్లేటి ఊళ్లో, ఓ ఇంటి ముందు దొరికింది. గేదెలకి కుడితి తొట్టిగా! కడిగిన నీళ్లు పోవడానికి అడుగున బెజ్జం కూడా పెట్టారు. ఈయన దాని అంచు నిమురుతూ చతికిలబడిపోయారు. నాకు జాలేసింది.

"ఇదింక తేలదాండీ?" అని ఇంటావిడని అడిగాను.

"ఎందుకు తేలదండీ? కొల్లేరు పొంగితే మాకిదే దిక్కు కదండీ. అప్పటిదాకా గేదెలు తాగుతాయి."

ఆయన నమ్మలేదు. బెజ్జం పెట్టాక ఇంకేం దోనె అంటూ దారిపొడుగునా ఒకటే గొణుగుడు.

ఈ వానాకాలం కొల్లేరు పొంగనే పొంగింది. వానలు తెరిపిచ్చిన ఆదివారం వెళ్లాం. ఊరివాళ్లు గేదెల్ని ముందే రోడ్డెక్కించారు. ఆ ఇంటి వైపంతా నీళ్లే. ఆ నీళ్లమీద అదే దోనెలో గెడ వేసుకుంటూ ఆవిడ వస్తున్నారు. కాళ్లదగ్గర ఒక దూడ. బెజ్జంలో బంకమట్టి, పాత చీరగుడ్డ.

"ఏవండీ, ఇది లెక్కలోకి వస్తుందాండీ?" అన్నాను, ఏడిపిద్దామని.

చూస్తే ఆయన కళ్లు తుడుచుకుంటున్నారు. చెప్పులు నా చేతిలో పెట్టి, ఆదివారం ప్యాంటుతోనే నీళ్లలోకి దిగి, దూడని రోడ్డెక్కించారు. తర్వాత ఆవిడకేసి తిరిగి, "నేనొకసారి ఎక్కొచ్చాండీ?" అన్నారు.

"ఎక్కండి, కూర్చోండి. నిలబడితే బోల్తా పడిపోద్దండీ" అన్నారావిడ.

ఆయన కూర్చోలేదు. తెల్లచొక్కాతో, ఆ కుడితి వాసనలోనే, వెల్లకిలా పడుకున్నారు.