వెర్నా కోసం తవ్వని గొయ్యి

ఎడారి అంచున మా యారబిన్ ఊళ్ళో ఉన్నది పదకొండు మంది. సమాధులు నూటనాలుగు. చలికాలంలో కార్ల వెనక ఇళ్ళలాంటి కారవాన్లు తగిలించుకుని వచ్చే పట్నంవాళ్ళు చూడాలనుకునేది ఆ నూటనాలుగుమందినే.

ఆ వచ్చేవాళ్ళకి మా ఊరి మ్యూజియం తలుపు తీసేది వెర్నా ట్రెగెన్జా. ఎనభై ఒక్క ఏళ్ళ మనిషి. ఇక్కడికొచ్చి స్థిరపడ్డ తొలితరంవాళ్ళు ఎంత ధైర్యవంతులో అని ఎవరైనా నిట్టూరిస్తే ఆవిడకి ఒళ్ళు మండేది. గొర్రెల్ని తోలుకొచ్చి, అప్పటికే ఇక్కడున్న ఆదివాసుల నీటిగుంటలు లాక్కుని, ఆరేళ్ళలో గడ్డి అంతా మేపేసి, డబ్బున్నవాళ్ళు అమ్ముకుని పోయారనీ, పోలేనివాళ్ళ మనవలం మేమనీ చెప్పేది. విన్నవాళ్ళు తలూపి, మ్యూజియంలో చివికిపోయిన ఒంటె జీను పక్కన ఫోటో దిగేవారు.

శ్మశానం దగ్గరికొచ్చేసరికి మాత్రం ఆవిడా మెత్తబడింది. పట్నంవాళ్ళు సమాధుల మధ్య బళ్ళు నిలిపి మాంసం కాల్చుకుంటుంటే చూడలేక, దాన్ని వారసత్వ స్థలంగా కాపాడమని కౌన్సిల్‌కి తనే అర్జీ రాసింది. మా అందరిచేతా సంతకాలు పెట్టించింది. షరతులు ఎవరమూ చదవలేదు. అప్పటికి ఆవిడ భర్త క్లెమ్ పోయి ఏడాది. అదే శ్మశానంలో అతని పక్కన తనకి చోటు ఉంచుకుంది.

అర్జీ మంజూరైంది. ఈ ఏడాది గుండె జబ్బు ముదిరి, డాక్టరు ఇక నెలలే అన్నాక, వెర్నా ఆ చోటు సంగతి కదిపింది. కౌన్సిల్ నుంచి ఒక అధికారి వచ్చాడు. వారసత్వ స్థలంలో మట్టి కదపకూడదట. దహనం చేసి బూడిద పాతినా కదిపినట్టేనట. పట్నం శ్మశానంలో మంచి చోటు ఇప్పిస్తామన్నాడు. పట్నం ఇక్కడికి రెండొందల నలభై కిలోమీటర్లు.

"మా క్లెమ్ కూడా వారసత్వమేనా?" అందావిడ. "మీ కౌన్సిల్లోనే రోడ్డు చదును చేసే బండి తోలాడు."

"ఇప్పుడు అంతేనండి," అన్నాడతను.

ఈ నేల గడ్డపారకి లొంగదు. మా ఊళ్ళో జేసీబీ ఉన్నది లిండ్సే పాస్కో ఒక్కడికే. ఎవర్నీ అడక్కుండా తవ్వేస్తానని అతను వెర్నాకి మాటిచ్చాడు. ఆ మాటతో ఆవిడ మళ్ళీ కాస్త తినసాగింది. రెండు వారాలకి వచ్చి, టోపీ చేత్తో పట్టుకుని గుమ్మంలోనే నిలబడ్డాడు. అతనికి దొరికే రోడ్డు పనులన్నీ కౌన్సిల్ ఇచ్చేవే. గొయ్యి తవ్వితే అవి పోతాయి, అతను ఊరొదిలి పోవాల్సిందే.

"లోపలికి రారా, ఈగలొస్తున్నాయి," అందావిడ.

"తిట్టు వెర్నా. నువ్వు తిడితే నాకు తేలిగ్గా ఉంటుంది."

"నీకు తేలిగ్గా ఉండటానికి నేనెందుకు తిట్టాలి? టీ తాగి పో."

ఆగస్టులో వెర్నా పోయింది. పెట్టెని లిండ్సేనే తన బండిలో పట్నం తీసుకెళ్ళాడు. మేం వెనకాల రెండు కార్లలో వెళ్ళాం. అంతా ఇరవై నిమిషాల్లో అయిపోయింది. ఆవిడకి ఎడమపక్క ఎవరో పళ్ళ డాక్టరు సమాధి. కుడిపక్క ఖాళీ. అదెవరిదని లిండ్సే అక్కడి పనివాణ్ణి అడిగాడు.

"ఇంకా ఎవరూ తీసుకోలేదు. మీకేమైనా కావాలా?" అన్నాడతను.

లిండ్సే టోపీ పెట్టుకుని వెళ్ళి బండిలో కూర్చున్నాడు.